రేవులో చట్టం: విశాఖపట్నం విదేశీ వాణిజ్యం, మేధోసంపత్తి రక్షణ – ఒక పరిశీలన

పీఠిక

1933లో నౌకాశ్రయంగా ప్రారంభమైన విశాఖపట్నం, ఉక్కు కర్మాగారం, దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలి, పరవాడ ఫార్మాసిటీ తోడు కావడంతో తూర్పు తీరంలోని ముఖ్యమైన ఎగుమతి, దిగుమతి కేంద్రాల్లో ఒకటిగా ఎదిగింది. ఈ రేవు మీదుగా సాగే ప్రతి సరుకు వెంటా రెండు రకాల హక్కులు ఉంటాయి. మొదటిది సరుకు యాజమాన్యానికి, దాని ధరకు, రవాణా ఒప్పందానికి సంబంధించినది. రెండవది సరుకు మీది పేరుకు, గుర్తుకు, ఆకృతికి, తయారీలో ఇమిడి ఉన్న ఆవిష్కరణకు సంబంధించినది. దీన్నే మేధోసంపత్తి హక్కు అంటారు. న్యాయ కళాశాలల్లో ఈ రెండింటినీ వేర్వేరు శాఖలుగా బోధిస్తున్నప్పటికీ, రేవులో మాత్రం రెండూ ఒకే ప్రశ్న దగ్గర కలుస్తాయి. అవతలి పక్షం పరాయి దేశంలో ఉన్నప్పుడు, అందుబాటులో ఉన్న ఓడను గానీ సరుకును గానీ ఆపించే అధికారం ఎవరికి, ఏ ఆధారంతో లభిస్తుంది? ఆ అధికారం చట్టంలో ఉన్నదనీ, అయితే అది వివాదానికి ముందే హక్కును నమోదు చేసుకుని పత్రాలు సిద్ధంగా ఉంచుకున్నవారికే ఉపయోగపడుతున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఎం.వి. ఎలిజబెత్ వ్యాజ్యం

ఈ ప్రశ్నకు భారత న్యాయవ్యవస్థ ఇచ్చిన అతి ముఖ్యమైన సమాధానం విశాఖ రేవులో జరిగిన ఒక ఓడ అరెస్టు నుంచే పుట్టింది. గోవాకు చెందిన హర్వాన్ ఇన్వెస్ట్‌మెంట్ అండ్ ట్రేడింగ్ అనే సంస్థ తన సరుకును మర్మగోవా రేవులో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడకెక్కించింది. సరుకు ఓడకెక్కినట్టు రసీదుగా, రవాణా ఒప్పందానికి సాక్ష్యంగా, సరుకుపై హక్కు పత్రంగా పనిచేసే కాగితాన్ని బిల్ ఆఫ్ లేడింగ్ అంటారు. ఆ పత్రం ఇవ్వకుండానే ఓడ 1984 ఫిబ్రవరి 8న రేవు విడిచి వెళ్ళిందనీ, కొనుగోలుదారు ధర చెల్లించలేదు కనుక సరుకు అప్పగించవద్దని తాము చెప్పినా గమ్యంలో అప్పగించేశారనీ ఆ సంస్థ ఆరోపించింది. ఓడ యజమానులకు భారతదేశంలో నివాసం గానీ వ్యాపార స్థలం గానీ లేదు. అయితే అదే ఓడ విశాఖపట్నం రేవులోకి ప్రవేశించినప్పుడు, 1984 ఏప్రిల్ 13న, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుపై దాన్ని అరెస్టు చేశారు. యజమానులు తమ అభ్యంతరాన్ని నిలుపుకుంటూనే బ్యాంకు గ్యారంటీ సమర్పించి ఓడను విడిపించుకున్నారు.

సముద్ర వాణిజ్య వివాదాలను విచారించే అధికారాన్ని అడ్మిరాల్టీ అధికార పరిధి అంటారు. ఆ పరిధిలో మనిషికి బదులు ఓడనే ప్రతివాదిగా నిలిపి దావా వేయవచ్చు. అప్పటికి భారతదేశంలో ఈ పరిధికి ముఖ్య ఆధారం 1861 నాటి బ్రిటిష్ అడ్మిరాల్టీ కోర్టు చట్టమూ, 1890, 1891 నాటి వలస పాలన చట్టాలూ. 1861 చట్టంలోని 6వ సెక్షన్ రేవులోకి తెచ్చిన సరుకును గురించే చెప్పింది కాబట్టి, భారతదేశం నుంచి బయటికి వెళ్ళిన సరుకు విషయంలో ఓడను అరెస్టు చేయడం చెల్లదని యజమానులు వాదించారు. ఈ వాదన అంగీకారం పొంది ఉంటే, దిగుమతిదారుకు ఉన్న రక్షణ ఎగుమతిదారుకు లేకుండా పోయేది. 1992 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. హైకోర్టులు స్వతస్సిద్ధమైన అధికారాలు గల ఉన్నత న్యాయస్థానాలనీ, వలస పాలన నాటి శాసనంలో ఒక మాట లేనంత మాత్రాన వాటి అధికారం గడ్డకట్టిపోదనీ స్పష్టం చేస్తూ, కాలానికి తగిన చట్టం తీసుకురావలసిన అవసరాన్ని గుర్తు చేసింది.

ఆ చట్టం రావడానికి పాతికేళ్ళు పట్టింది. 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2017 అడ్మిరాల్టీ చట్టం పాత వలస చట్టాలను రద్దు చేసి, ఏయే క్లెయిములకు ఓడను అరెస్టు చేయవచ్చో 4వ సెక్షన్‌లో వివరించి, తీర రాష్ట్రాల హైకోర్టులకు ఆ అధికారాన్ని స్పష్టంగా అప్పగించింది. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో పనిచేస్తున్నది. ఓడ విశాఖ బెర్తులో ఉంటే దాన్ని ఆపే ఉత్తర్వు మూడువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న న్యాయస్థానం నుంచి రావాలి. ఓడ రేవులో ఉండేదేమో కొద్ది రోజులే. అందువల్ల సరుకు ఒప్పందం, బిల్ ఆఫ్ లేడింగ్, ఉత్తరప్రత్యుత్తరాలు ముందే క్రమపద్ధతిలో ఉన్న ఎగుమతిదారుకే ఈ పరిహారం అందుతుంది.

దిగుమతి ద్వారం వద్ద మేధోసంపత్తి

ఓడను ఆపడానికి అడ్మిరాల్టీ చట్టం ఉన్నట్టే, నకిలీ సరుకును ఆపడానికి 1962 కస్టమ్స్ చట్టం కింద 2007లో రూపొందించిన మేధోసంపత్తి హక్కుల అమలు నిబంధనలు ఉన్నాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలోని ట్రిప్స్ ఒప్పందం నకిలీ ట్రేడ్‌మార్కు సరుకుల దిగుమతిని సరిహద్దులోనే అడ్డుకునే ఏర్పాటు ఉండాలని సభ్య దేశాలను కోరుతుంది. ఈ నిబంధనలు దానికి భారతదేశం ఇచ్చిన రూపం. వీటి ప్రకారం హక్కుదారు తన హక్కును ముందుగా కస్టమ్స్ శాఖ వద్ద నమోదు చేయించి, బాండు సమర్పించాలి. అనుమానాస్పద సరుకు వచ్చినప్పుడు అధికారి దాని విడుదలను నిలిపివేసి హక్కుదారుకు తెలియజేస్తారు. హక్కుదారు 10 పనిదినాల్లోగా విచారణలో చేరాలి. మరో 10 పనిదినాల గడువు పొడిగించే వీలుంది. త్వరగా పాడయ్యే సరుకులకు ఈ గడువు 3 పనిదినాలే.

ఈ నిబంధనలు ట్రేడ్‌మార్కులకు, కాపీరైటుకు, డిజైన్లకు, భౌగోళిక సూచికలకు వర్తిస్తాయి. సరుకును పైకి చూసి పేటెంటు ఉల్లంఘన జరిగిందో లేదో తేల్చడం కస్టమ్స్ అధికారికి సాధ్యమయ్యే పని కాదు. 2018 సవరణతో పేటెంట్లను ఈ నిబంధనల నుంచి తొలగించారు. అలాగే ఇవి దిగుమతులకే పరిమితం. ఎగుమతి విషయంలో 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 29వ సెక్షన్ ఆధారం: ఇతరుల గుర్తుతో సరుకును ఎగుమతి చేయడం కూడా ఉల్లంఘనే. అదే చట్టంలోని 134వ సెక్షన్ హక్కుదారు తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోటనే దావా వేసుకునే వీలు కల్పిస్తున్నందున, విశాఖ వ్యాపారి నకిలీదారు ఉన్న ఊరికి వెళ్ళనవసరం లేకుండా విశాఖలోని వాణిజ్య న్యాయస్థానాన్నే ఆశ్రయించవచ్చు.

పేటెంటు, ఎగుమతి

ఔషధ ఎగుమతుల విషయంలో తెలుగు పరిశ్రమకు సంబంధించిన వ్యాజ్యం ఒకటి మార్గదర్శకంగా నిలిచింది. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మాకు 2012లో బేయర్ సంస్థ కేన్సర్ మందు సొరాఫెనిబ్‌పై నిర్బంధ లైసెన్సు లభించింది. అంటే పేటెంటుదారు అంగీకారం లేకపోయినా, రాయల్టీ చెల్లించి దేశీయ విపణి కోసం తయారు చేసుకునే అనుమతి. ఆ మందును అనుమతుల పరీక్షల కోసం విదేశానికి పంపడం చెల్లదని బేయర్ వాదించగా, పేటెంట్ల చట్టంలోని 107ఎ సెక్షన్ ఇటువంటి పరీక్షల కోసం అనుమతించే ‘అమ్మకం’లో అటువంటి ఎగుమతి కూడా చేరుతుందని 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ తీర్పునిచ్చింది. అయితే ఎగుమతి నిజంగా ఆ ప్రయోజనానికేనా అన్నది ఒక్కొక్క సందర్భంలోని పరిమాణం, అవసరం, పత్రాల వంటి వాస్తవాలను బట్టి తేలుతుంది. పరవాడ నుంచి మందు ముడిపదార్థాలు పంపే సంస్థలకు ఈ తీర్పు రక్షణ ఎంతో, హెచ్చరిక కూడా అంతే.

అరకు కాఫీ, ఏటికొప్పాక బొమ్మలు

ఒక ప్రాంతపు నేల, వాతావరణం, నైపుణ్యం వల్ల గుణం లేదా ఖ్యాతి సంపాదించుకున్న సరుకు పేరును భౌగోళిక సూచిక అంటారు. వాడుకలో జీఐ ట్యాగ్ అని పిలుస్తారు. 1999 నాటి జీఐ చట్టం 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. విశాఖ మన్యంలో పండే అరకు లోయ అరబికా కాఫీకి 2019లో, వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో ఈ గుర్తింపు లభించింది. ఈ హక్కు ట్రేడ్‌మార్కులా ఒకరి సొత్తు కాదు. దాన్ని అమ్మడానికి, బదలాయించడానికి 24వ సెక్షన్ అంగీకరించదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం మరుగున పడుతున్నది. జీఐ నమోదులో యజమానిగా కాఫీ బోర్డు వంటి సంస్థ ఉంటుంది. పేరును వాడుకునే ప్రత్యేక హక్కు మాత్రం 17వ సెక్షన్ కింద అధీకృత వినియోగదారుగా నమోదైన ఉత్పత్తిదారుకే దక్కుతుంది. ఉల్లంఘనపై స్వయంగా న్యాయస్థానానికి వెళ్ళే అర్హత కూడా ఆ నమోదుతోనే వస్తుంది. గిరిజన రైతు ఆ జాబితాలో లేకపోతే, తన ఊరి పేరు మీద వచ్చిన హక్కు తన చేతికి రానట్టే. ఈ నమోదు ప్రయోజనం పేరుతో ఆగదు. 2021 నుంచి అమల్లోకి వచ్చిన బొమ్మల నాణ్యతా ఉత్తర్వు కింద భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర తప్పనిసరి అయినప్పుడు, 2020 డిసెంబరు సవరణ జీఐ నమోదు ఉన్నవారికి, హస్తకళల శాఖ వద్ద నమోదైన కళాకారులకు మినహాయింపు ఇచ్చింది.

అంతేకాక జీఐ రక్షణ దేశ సరిహద్దు దాటదు. 2017లో పారిస్‌లో ‘అరకు’ పేరుతో కాఫీ దుకాణం తెరుచుకున్నప్పటికీ, ఐరోపాలో ఆ పేరు జీఐగా నిలవాలంటే అక్కడి నమోదు వేరుగా కావాలి. డార్జిలింగ్ తేయాకు 2011లో ఆ పని పూర్తి చేసుకుంది. ట్రేడ్‌మార్కుల విషయంలో ఈ శ్రమ కొంత తక్కువ: భారతదేశం 2013లో చేరిన మాడ్రిడ్ ప్రోటోకాల్ ద్వారా ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో నమోదు కోరవచ్చు.

ముగింపు

ఓడ అరెస్టు, నకిలీ సరుకు నిలిపివేత, పేటెంటు మినహాయింపు, జీఐ హక్కు అనే నాలుగు సందర్భాల్లోనూ ఫలితాన్ని నిర్ణయించేది వివాదం తలెత్తకముందు సిద్ధమైన కాగితమే. పెద్ద సంస్థలకు ఈ పని చేసే న్యాయవిభాగాలు ఉంటాయి. చిన్న ఎగుమతిదారు క్లియరింగ్ ఏజెంటు మీదే ఆధారపడతాడు, ఆ ఏజెంటు బాధ్యత కస్టమ్స్ లాంఛనాలు పూర్తి చేయడం వరకే. ట్రేడ్‌మార్కుల కార్యాలయం, జీఐ రిజిస్ట్రీ చెన్నైలో, హైకోర్టు అమరావతిలో ఉన్న స్థితిలో, నమోదు దశలోనే సలహా ఇచ్చే వ్యవస్థ విశాఖలో ఉండటం అత్యవసరం. విశాఖ ప్రాంతంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల, గిరిజన సహకార సంస్థ కలిసి అరకు రైతులనూ ఏటికొప్పాక కళాకారులనూ అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించడంతో ఈ పనిని ప్రారంభించాలి.