మచ్చ వెనుక కొవ్వు సంకేతం: అవయవాల తంతీకరణపై అవగాహన మారిన తీరు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• కణత్వచంలోని లిపిడ్లు సంకేతాలుగా కూడా పనిచేస్తాయని శాస్త్రవేత్తలు ఎలా గుర్తించారో వివరించగలుగుతారు.
• ఊపిరితిత్తుల తంతీకరణ గురించిన ‘వాపు సిద్ధాంతం’ ఎందుకు బలహీనపడిందో చెప్పగలుగుతారు.
• 2008 నాటి ప్రయోగం ప్రాముఖ్యాన్ని, ఆ తరువాత జరిగిన ఔషధ పరీక్షల ఫలితాలను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

మోకాలికి దెబ్బ తగిలితే కొన్నాళ్లకు పుండు మానుతుంది. దాని చోట ఒక మచ్చ మిగులుతుంది. చర్మం మీది చిన్న మచ్చతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. అదే మచ్చ ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం వంటి అవయవాల లోపల ఆగకుండా పెరిగితే ఆ అవయవం గట్టిపడి క్రమంగా పనిచేయడం మానేస్తుంది. దీనినే ఫైబ్రోసిస్ లేదా తంతీకరణ అంటారు. ఊపిరితిత్తుల్లో ఇది వస్తే గాలిగదుల గోడలు మందమై, ఆక్సిజన్ రక్తంలోకి చేరడం కష్టమవుతుంది. రోగి నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడతాడు.

గాయం మానిన తరువాత ఆగిపోవలసిన మచ్చ ఎందుకు ఆగదు? ఈ ప్రశ్నకు దొరికిన సమాధానాల్లో ఒకటి, ఎవరూ ఊహించని చోటు నుంచి, అంటే కణత్వచంలోని కొవ్వు పదార్థాల నుంచి వచ్చింది. ఆ సమాధానం ఎలా రూపుదిద్దుకుందో ఇప్పుడు పరిశీలిద్దాం.

2. కొవ్వును గోడగా చూసిన కాలం

1925లో నెదర్లాండ్స్‌కు చెందిన గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుంచి లిపిడ్లను వేరుచేసి నీటిపై పరిచారు. అవి ఆక్రమించిన వైశాల్యం కణాల ఉపరితలానికి దాదాపు రెండింతలు ఉంది. దీని ఆధారంగా కణత్వచంలో లిపిడ్లు రెండు వరుసలుగా ఉంటాయని వారు ప్రతిపాదించారు. ఈ దృష్టిలో లిపిడ్ల పని కణానికి గోడ కట్టడమే.

అదే సంవత్సరం అమెరికాలో సైరస్ ఫిస్క్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి, రంగు గాఢతను బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. 1959లో బార్ట్‌లెట్ ఈ పద్ధతిని సవరించాడు. ఆ సవరించిన పద్ధతి ఫాస్ఫోలిపిడ్లను కొలవడానికి ప్రయోగశాలల్లో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. మన పాఠంలోని కథకు తెలుగు నేలతో ఉన్న నిజమైన అనుబంధం ఇది.

1953లో లోవెల్ హోకిన్, మేబెల్ హోకిన్ దంపతులు క్లోమం ముక్కలను ఎసిటైల్‌కోలిన్‌తో ఉత్తేజపరిచినప్పుడు, ఫాస్ఫోలిపిడ్లలోకి రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఎక్కువగా చేరడం గమనించారు. బయటి నుంచి కబురు అందగానే గోడలోని ఇటుకలు మారుతున్నాయన్నమాట. లిపిడ్లకు సంకేతాల్లో పాత్ర ఉందన్న ఆలోచనకు ఇది పునాది అయింది.

3. ఒక చిన్న లిపిడ్, దాని గ్రాహకం

లైసోఫాస్ఫటిడిక్ ఆమ్లం (దీన్ని ఇకపై ఎల్.పి.ఎ. అందాం) నిర్మాణంలో చాలా సరళమైన ఫాస్ఫోలిపిడ్. 1989లో మూలెనార్ బృందం ఇది కణ విభజనను ప్రేరేపిస్తుందనీ, ఆ పని జి-ప్రోటీన్ల ద్వారా జరుగుతుందనీ చూపింది. అయినా ఒక సందేహానికి తావుంది. ఈ పదార్థం సబ్బులా త్వచాన్ని కలచివేయడం వల్ల కణం స్పందిస్తోందా, లేక దాన్ని గుర్తించే ప్రత్యేక గ్రాహకం ఉందా? 1996లో జెరాల్డ్ చున్ బృందం తొలి గ్రాహకానికి చెందిన జన్యువును గుర్తించడంతో రెండవ అభిప్రాయం బలపడింది. నేడు ఇలాంటి ఆరు గ్రాహకాలు తెలుసు. మొదటిదాన్ని ఎల్.పి.ఎ.-1 అంటారు.

ఎల్.పి.ఎ. ఎక్కడి నుంచి వస్తుంది? 1992లో మెలనోమా క్యాన్సర్ కణాల చలనాన్ని పెంచే ప్రోటీనుగా ఆటోటాక్సిన్‌ను కనుగొన్నారు. 2002లో జపాన్ పరిశోధకులు అసలు విషయం తేల్చారు. ఆటోటాక్సిన్ ఒక ఎంజైము. అది లైసోఫాస్ఫటిడిల్‌కోలిన్ నుంచి కోలిన్ భాగాన్ని తొలగించి ఎల్.పి.ఎ.ను తయారుచేస్తుంది.

4. వాపు సిద్ధాంతం – దాని వైఫల్యం

మరోవైపు వైద్యుల ఆలోచన వేరే దారిలో సాగింది. 1935లో హామన్, రిచ్ వేగంగా ప్రాణం తీసే ఊపిరితిత్తుల తంతీకరణను వర్ణించారు. దీర్ఘకాలం కొనసాగే వాపే మచ్చకు కారణమన్న అభిప్రాయం తరువాతి దశాబ్దాల్లో స్థిరపడింది. కాబట్టి వాపును అణచే స్టిరాయిడ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు చికిత్సగా మారాయి.

1971లో గబ్బియాని బృందం మానుతున్న గాయంలో కండర కణంలా సంకోచించగల ఫైబ్రోబ్లాస్ట్‌లను వర్ణించింది. వీటికే మయోఫైబ్రోబ్లాస్ట్‌లు అని పేరు. కొల్లాజెన్‌ను అధికంగా పేర్చేవి ఇవే. 2001లో సెల్మన్, కింగ్, పార్డో ఈ వ్యాధికి మూలం వాపు కాదనీ, గాలిగదుల పొరకు పదేపదే తగిలే గాయాలు సరిగా మానకపోవడమనీ వాదించారు.

ఈ వాదం కేవలం పుస్తకాల్లోని చర్చ కాదని 2012లో ప్రచురితమైన ఒక అమెరికా పరీక్ష నిరూపించింది. ప్రెడ్నిసోన్, అజాథయోప్రిన్, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ కలిపి ఇచ్చిన 77 మందిలో 8 మంది మరణించారు. ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన 78 మందిలో మరణించింది ఒక్కరే. ఎంతోకాలం నమ్మకంతో ఇచ్చిన చికిత్స రోగులకు హాని చేస్తున్నదని తేలింది. సిద్ధాంతం తప్పితే దాని మూల్యం చెల్లించేది రోగి అని విద్యార్థులు గుర్తించాలి.

5. రెండు దారులు కలిసిన చోటు: 2008

బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందుకు ఊపిరితిత్తుల్లో మచ్చ కలిగించే దుష్ఫలితం ఉంది. అందువల్ల చిట్టెలుకల్లో తంతీకరణను అధ్యయనం చేయడానికి దీన్ని వాడతారు. 2008లో ఆండ్రూ టేగర్, ఆండ్రూ లస్టర్ బృందం ఎల్.పి.ఎ.-1 గ్రాహకం లేని చిట్టెలుకలకు ఈ మందు ఇచ్చింది. వాటిలో తంతీకరణ, మరణాలు బాగా తగ్గాయి.

ఇక్కడ మూడు అంశాలను గమనించాలి. మొదటిది, గాయపడిన ఊపిరితిత్తుల్లోకి ఫైబ్రోబ్లాస్ట్‌ల రాక తగ్గింది. రెండవది, రక్తనాళాల నుంచి ద్రవం కారడం తగ్గింది. మూడవది, తొలి వారంలో తెల్ల రక్తకణాల రాక మాత్రం యథాతథంగా ఉంది. అంటే వాపు కణాలు వచ్చినా మచ్చ తగ్గింది. వాపు సిద్ధాంతానికి ఇది గట్టి ప్రతివాదం. తంతీకరణ రోగుల ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవంలోనూ ఎల్.పి.ఎ. ఎక్కువగా కనిపించింది.

అంతకు ముందే, 2007లో, ఫ్రెంచ్ పరిశోధకులు మూత్రనాళాన్ని కట్టివేసిన చిట్టెలుకల్లో ఇదే గ్రాహకం లేకపోతే మూత్రపిండంలో తంతీకరణ తగ్గుతుందని చూపారు. కాబట్టి ఇది ఒక్క అవయవానికే పరిమితమైన సంకేతం కాదు.

6. ప్రయోగశాల నుంచి రోగి దాకా

2014లో అమెరికా పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ మందులను ఆమోదించింది. ఇవి వ్యాధి వేగాన్ని తగ్గిస్తాయి గాని ఆపలేవు. అందుకే ఎల్.పి.ఎ. మార్గంపై ఆశలు పెరిగాయి. ఆటోటాక్సిన్‌ను అడ్డుకునే జిరిటాక్సెస్టాట్ 23 మంది రోగులతో జరిగిన చిన్న పరీక్షలో ఆశాజనకంగా కనిపించింది. కాని సుమారు 1,300 మందితో జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో ప్రయోజనం కనిపించలేదు. 2021లో వాటిని నిలిపివేశారు.

ఎల్.పి.ఎ.-1 గ్రాహకాన్నే అడ్డుకునే మరో మందు ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గే వేగాన్ని తగ్గించినా, పిత్తాశయానికి హాని కనిపించడంతో ఆగిపోయింది. దాని తరువాత వచ్చిన అడ్మిల్‌పరాంట్ రెండవ దశలో మంచి ఫలితాలిచ్చి మూడవ దశకు చేరింది.

7. సారాంశం

గోడగా భావించిన కొవ్వు సంకేతమని తేలడానికి దశాబ్దాలు పట్టింది. ఆ సంకేతం మచ్చకు దారితీస్తుందని చిట్టెలుకల్లో రుజువైంది. అయితే చిట్టెలుకలో నిజమైనది రోగిలో చికిత్సగా మారడం వేరే సంగతి. సంకేత పదార్థం తయారీని ఆపడం, దాని ఒక గ్రాహకాన్ని మూయడం ఒకే పని కాదు. వాపు సిద్ధాంతం నేర్పిన పాఠం కొత్త సిద్ధాంతానికీ వర్తిస్తుంది. ఎంత నచ్చిన ఆలోచననైనా రోగుల్లో జరిగే నిష్పాక్షిక పరీక్షే తేల్చాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఆటోటాక్సిన్ చేసే పని ఏమిటి?
2. 2008 ప్రయోగంలో తెల్ల రక్తకణాల రాక తగ్గకపోవడం ఎందుకు ముఖ్యమైనది?
3. ఊపిరితిత్తుల తంతీకరణపై వాపు సిద్ధాంతం బలహీనపడిన తీరును వివరించండి.