విత్తనమునకు కావలి : ప్రొఫెసరు నంజుండస్వామిగారి చరిత్రము

మహాసభా సంచికలలో స్వకులజులగు మహనీయుల చరిత్రములను ప్రకటించుట పరిపాటి. ఈ సంవత్సరము మేమా పరిపాటిని కొంచెము దాటి, పొరుగుననున్న కన్నడదేశపు కర్షకనాయకుని చరిత్రమును సోదరుల ముందుంచుచున్నాము. మన సంఘీయులలో పెక్కుమందికి నేటికిని సేద్యమే జీవనాధారము; సేద్యమునకు విత్తనమే మూలము. ఆ విత్తనముపై నెవ్వరికి హక్కు గలదను ప్రశ్నను నిర్భయముగ లేవనెత్తినవారిలో ప్రొఫెసరు ఎం. డి. నంజుండస్వామిగా రగ్రగణ్యులు.

వీరు 1936వ సంవత్సరమున జన్మించిరి. న్యాయశాస్త్రమును స్వదేశమునను విదేశమునను అభ్యసించి అధ్యాపకులైరి. అందువలననే రైతులు వీరిని కడపటివరకు ‘ప్రొఫెసరు’ అనియే పిలిచిరి. రామమనోహర లోహియాగారి సోషలిస్టు భావములు వీరికి దారి చూపినవి.

1980వ సంవత్సరమున మలప్రభ ఆయకట్టులోని నరగుంద, నవలగుంద తాలూకాల రైతులు పన్నుల భారమునకు తాళలేక తిరుగబడిరి. కాల్పులలో ప్రాణనష్టము గలిగెను. ఆ సంక్షోభకాలముననే కర్ణాటక రాజ్య రైతసంఘ మవతరించెను. సుందరేశ్, రుద్రప్పగార్లతోపాటు నంజుండస్వామిగారు దానికి మూలస్తంభములైరి. పచ్చని కండువా సంఘీయుల గురుతయ్యెను. అనుమతి లేనిదే అధికారులు ఊరిలో అడుగిడరాదని గ్రామముల మొగదల పలకలు వెలసినవి.

ఈ సంఘము ఎన్నికల రంగమునకును దిగెను. కాని ఊరూర వేలకొలది జనమును కూర్చగలిగిన సంఘమునకు 1989వ సంవత్సరపు ఎన్నికలలో 224 స్థానములు గల శాసనసభలో రెండు మాత్రమే దక్కినవి. నంజుండస్వామిగారును కొంతకాలము శాసనసభ్యులుగ నుండిరి. సభకు వచ్చిన జనమంతయు పెట్టెలో ఓటుగా మారదని వీరి చరిత్రము తెలుపుచున్నది.

అయినను వీరి కీర్తి శాసనసభలో పుట్టినది కాదు. 1991వ సంవత్సరాంతమున డంకెల్ ముసాయిదా వెలువడెను. విత్తనముల విషయమున పేటెంటు వంటి హక్కులు కంపెనీలకు గలిగినచో, తన పంటనుండి తీసిపెట్టుకొన్న గింజను మరల విత్తుటకు రైతు వెల చెల్లింపవలసివచ్చునని వీరు ఊరూర బోధించిరి. 1992 డిసెంబరులో సంఘీయులు బెంగుళూరులోని కార్గిల్ విత్తన కంపెనీ కార్యాలయమున జొచ్చి కాగితములను వీధిలో తగులబెట్టిరి. మరుసటి యేడు బళ్ళారివద్ద అదే కంపెనీవారి కట్టడమును కూల్చిరి. 1995 జనవరి 1వ తేదీన ప్రపంచ వాణిజ్య సంస్థ నెలకొనెను. పోరాటము మాత్ర మాగలేదు.

1998వ సంవత్సరమున మన వరంగల్లు ప్రాంతమున ప్రత్తి దెబ్బతిని, అప్పులపాలైన రైతులు పెక్కుమంది పురుగులమందు త్రాగి అసువులు బాసిరి. ఆ యేడే నవంబరులో, తెలుగునేలకు ఆనుకొనియున్న రాయచూరు జిల్లాలో, మాన్‌శాంటో వారి ప్రయోగాత్మక ప్రత్తిపైరును రైతసంఘమువారు పెరికి దహనము చేసిరి. పైరు పోయిన రైతునకు నష్టపరిహార మిత్తుమని ముందే మాట యిచ్చిరి. 1999వ సంవత్సరమున కొన్ని వందలమంది భారతీయ కర్షకులు ఐరోపాఖండమున యాత్ర సలిపి, సంపన్నరాజ్యముల నాయకులు సమావేశమైన కొలోన్ నగరమువరకు తమ గోడు వినిపించిరి. ఆ యాత్రకును వీరే ముఖ్యసారథులు.

ఆస్తిధ్వంసము తగదని ఆక్షేపించినవారు గలరు. ఆ యాక్షేపణను మేము తేలికగా త్రోసివేయము. మహారాష్ట్ర రైతునాయకులగు శరద్ జోషీగారు స్వేచ్ఛావాణిజ్యమే రైతునకు మేలని వాదించిరి. 2002వ సంవత్సరమున ప్రభుత్వము బీటీ ప్రత్తికి అనుమతి నిచ్చెను. రైతులే దానిని విరివిగా విత్తిరి. ఈ విషయమున వీరు ఓడిరనియే చెప్పవలెను. కాని 2001వ సంవత్సరపు చట్టమునందలి 39వ సెక్షను, రైతు తన పంటగింజను దాచుకొనుటకు, విత్తుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, వ్యాపారనామము లేకుండ అమ్ముకొనుటకు హక్కు గలదని స్పష్టముగ పలికెను. దేశమంతట రైతుపక్షమున జరిగిన ఆందోళనలకు దక్కిన ఫల మిది. అందు వీరి పాలు చిన్నది కాదు.

2004 ఫిబ్రవరి 3వ తేదీన నంజుండస్వామిగారు స్వర్గస్థులైరి.

సోదరులారా! వీరి చరిత్రమున మన సంఘమునకు నొప్పి కలిగించు మాటయు నొకటి గలదు. కట్నములు, ఆడంబరములు లేని సరళవివాహములను వీరి సంఘము ప్రచారము చేసెను. కంపెనీ అప్పు పొలమును మ్రింగుచున్నదని వాపోవు మనము, పెండ్లి అప్పును మన చేతులార తెచ్చుకొనుచున్నాము. ఇక రెండవది: రైతు కులముగా చీలినచో గింజ నిలువదు. వానకు, ధరకు, వడ్డీకి కులము లేదు. కావున మన మహాసభ తీర్మానములలో విద్యార్థి వసతిగృహముతోపాటు, ఊరూర అన్ని కులముల రైతులకును తెరచియుండు విత్తనపు గాదె కూడ నొకటి చేరవలెనని మా విన్నపము.