నెగెటివ్ ఫలితం తరువాతి భయం: హెర్పిస్ రక్తపరీక్ష చరిత్ర

సుఖవ్యాధి సోకలేదని వైద్యుడు చెప్పినా నమ్మలేని మనఃస్థితి హెర్పిస్‌తో పుట్టినది కాదు. 1906లో జర్మనీలో వాసర్‌మన్ బృందం సిఫిలిస్‌కు రక్తపరీక్షను రూపొందించడానికి ముందే ఐరోపా వైద్యులు ఈ మనఃస్థితిని సిఫిలిస్ భీతిగా గుర్తించారు. హెర్పిస్ విషయంలో ఆ భయానికి చాలాకాలం పరీక్షల లోపమే ఊతమిచ్చింది. ఈ వైరస్ రెండు రకాలని, మొదటిది ప్రధానంగా నోటి చుట్టూ, రెండవది జననాంగాల వద్ద పుండ్లు కలిగిస్తుందని 1960వ దశకంలో తేలినప్పటికీ, రెండింటి ప్రోటీన్లు చాలావరకు ఒకే పోలికలో ఉండటంవల్ల, వైరస్‌ను ఎదుర్కొనేందుకు దేహం తయారుచేసే ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, వెదికే తొలి పరీక్షలు ఏ రకం సోకిందో కచ్చితంగా చెప్పలేకపోయాయి. 1982 ఆగస్టు 2 నాటి సంచికలో అమెరికాకు చెందిన టైమ్ పత్రిక హెర్పిస్‌ను ముఖచిత్ర కథనంగా వేసి నేటి కళంకముద్రగా చిత్రించింది. ప్రాణాపాయం అరుదైన ఈ వ్యాధికి దాని తీవ్రతను మించిన అపఖ్యాతి రావడంలో పత్రికల వాటా తక్కువేమీ కాదు.

రెండు రకాలలో వేర్వేరుగా ఉండే గ్లైకోప్రోటీన్ జి ఆధారంగా తరువాత వచ్చిన పరీక్షలు ఏ రకం సోకిందో తేలని చిక్కును చాలావరకు విడదీశాయి. అయితే సోకిన తొలి వారాలలో యాంటీబాడీలు చాలినంతగా ఉండవు కనుక, 'విండో పీరియడ్' అనే ఆ వ్యవధిలో వచ్చిన నెగెటివ్‌ను తుది మాటగా తీసుకోకూడదు. 12 వారాలు దాటాక వచ్చినది మాత్రం చాలావరకు నమ్మదగినదే. పరీక్ష ఫలితాన్ని అంకెలో చూపే సూచీ విలువ 3 లోపు ఉన్న పాజిటివ్‌లలో తప్పుడువి ఎక్కువ. ఇటువంటి కారణాలవల్లనే, లక్షణాలు లేనివారికి ఈ పరీక్షను ఆనవాయితీగా చేయవద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2016లో సిఫారసు చేసి, 2023లో దానినే పునరుద్ఘాటించింది.