చలికాలంలో కారుకు ఏ ఎయిర్ ఇన్‌టేక్ బెటర్? ‘కోల్డ్ ఎయిర్’ మోజులో పడితే ఇంజిన్‌కే ఎసరు!

మంచు పడే చోట కారు నడిపేవాళ్లకు శీతాకాలం దగ్గర పడగానే వచ్చే డౌట్ ఇది. కంపెనీ ఇచ్చిన ఎయిర్ బాక్స్ అలాగే ఉంచాలా? లేక పొడవాటి పైపు, కోన్ ఫిల్టర్ ఉన్న ‘కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్’ బిగించుకోవాలా? పేరులోనే కోల్డ్ ఉంది కాబట్టి చలికాలానికి అదే కరెక్ట్ అనుకుంటారు చాలామంది. కానీ అసలు లెక్క వేరు. చలికాలంలో ఇంజిన్‌కు కావాల్సింది ఇంకాస్త చల్లటి గాలి కాదు.. పొడి గాలి!

మిన్నెసోటా, మిచిగన్, షికాగో, టొరంటో లాంటి చోట్ల స్థిరపడిన తెలుగువాళ్లకు, చలికాలంలో మనాలీ, లద్దాఖ్ వైపు సొంత కారులో వెళ్లేవాళ్లకు ఈ విషయం తప్పకుండా తెలియాలి. ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది ఫిల్టర్ కాదు, మొత్తం ఇంజిన్.

ఇంతకీ ఎయిర్ ఇన్‌టేక్ అంటే?

పెట్రోల్ అయినా, డీజిల్ అయినా మండాలంటే గాలి కావాలి. బయటి గాలిని లోపలికి లాగి, ఫిల్టర్‌లో దుమ్ము వడకట్టి, సిలిండర్ల దాకా చేర్చే దారి మొత్తాన్నీ ఎయిర్ ఇన్‌టేక్ అంటారు. కంపెనీ నుంచి వచ్చే కారులో ఇది మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలా ఉంటుంది. లోపల పేపర్ ఫిల్టర్. డబ్బా ముక్కు చాలా కార్లలో గ్రిల్ వెనక, కాస్త ఎత్తులో తెరుచుకుంటుంది. పొరపాటున నీళ్లు లోపలికి వచ్చినా కారిపోయేలా కొన్నింటికి కింద చిన్న రంధ్రం కూడా ఉంటుంది.

బయట మార్కెట్‌లో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి షార్ట్ రామ్. ఇందులో పైపు చిన్నది, ఫిల్టర్ బానెట్ కిందే బయటికి కనిపిస్తూ ఉంటుంది. రెండోది కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. ఇందులో పైపు కిందికి దిగి, ఫిల్టర్ బంపర్ వెనకో, ముందు చక్రం పక్కన ఫెండర్ లోపలో ఉంటుంది. ఇంజిన్ వేడి తగలని గాలి అందించడమే దీని పని.

చల్లటి గాలితో పవర్ పెరుగుతుందా?

పెరుగుతుంది. అందులో అబద్ధం లేదు. సముద్రమట్టం దగ్గర 30 డిగ్రీల సెల్సియస్‌లో ఒక క్యూబిక్ మీటర్ గాలి బరువు సుమారు 1.16 కేజీలు. మైనస్ 20 డిగ్రీలకు వస్తే అది దాదాపు 1.4 కేజీలు అవుతుంది. అంటే అంతే జాగాలో దాదాపు 20 శాతం ఎక్కువ గాలి పడుతుంది. ఆక్సిజన్ కూడా ఆ మేరకు ఎక్కువే. సెన్సర్లు ఇది గమనించి ఈసీయూకు చెబుతాయి. అది ఇంధనాన్ని సరిపడా పెంచుతుంది.

అయితే ఇక్కడే ఉంది అసలు తిరకాసు. బయట మైనస్‌లో ఉన్నప్పుడు కంపెనీ డబ్బా ముక్కులోకి వచ్చేదీ అదే చల్లటి గాలి. దానికోసం పైపును రోడ్డు దాకా దించాల్సిన పనే లేదు. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ లాభం ఏమైనా ఉంటే అది మండు వేసవిలో, బానెట్ కింద సెగలు కక్కుతున్నప్పుడు. జనవరి మంచులో ఆ లాభం పేరుకే. రిస్క్ మాత్రం అప్పుడే ఎక్కువ.

అసలు ముప్పు ఎక్కడంటే..

ఫిల్టర్ ఎంత కిందికి దిగితే మంచుకు, బురద నీళ్లకు అంత దగ్గరవుతుంది. అమెరికా, కెనడా ఉత్తర ప్రాంతాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. కరిగిన మంచు, ఉప్పు, ఇసుక కలిసి చిత్తడిగా మారి చక్రాల నుంచి చిమ్ముతుంది. అది సరిగ్గా ఫెండర్‌లో ఉన్న ఫిల్టర్ మీదే పడుతుంది.

ఫిల్టర్ మీద నాలుగు చుక్కలు పడితే ఏమీ కాదు. కానీ అది నీటిగుంటలో మునిగితే ఇంజిన్ గాలికి బదులు నీళ్లు లాగేస్తుంది. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. ఉదాహరణకు 1200 సీసీ, 4 సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ తీసుకుందాం. కంప్రెషన్ రేషియో 10:1 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే జాగా సుమారు 33 మిల్లీలీటర్లే. అంటే రెండు పెద్ద చెంచాలకు కాస్త ఎక్కువ. అంతకు మించి నీళ్లు చేరాయంటే పిస్టన్ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదను చూసిన విజయవాడ వాసులకు, వానాకాలంలో హైదరాబాద్ రోడ్ల మీద కారు నడిపేవాళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు.

ఇక పొడి మంచుది ఇంకో సమస్య. మైనస్ 15 డిగ్రీల చలిలో మంచు పిండిలా ఉంటుంది. ముందు వెళ్లే లారీ దాన్ని మేఘంలా లేపుతుంది. ఆ పిండి ఫిల్టర్ మీద పొరలా పేరుకుంటే గాలి ఆడదు. బండి లాగదు, చెక్ ఇంజిన్ లైట్ వెలగొచ్చు. అది కరిగిందంటే పేపర్ ఫిల్టర్ తడిసి ముద్దవుతుంది.

ఒకప్పుడు ఇంజనీర్లు వేడి గాలే ఇచ్చారు!

కార్బ్యురేటర్ల కాలంలో చలికాలం వస్తే ఇంజనీర్లు చేసింది దీనికి పూర్తి రివర్స్. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. అందుకే బయట సున్నాకి కొన్ని డిగ్రీలు పైనే ఉన్నా, గాలిలో తేమ ఉంటే కార్బ్యురేటర్ లోపల ఐస్ కట్టేది. దాన్ని ఆపడానికి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గరి వేడి గాలిని ఎయిర్ క్లీనర్‌కు మళ్లించే తలుపు పెట్టారు. ఇంజిన్ వేడెక్కాక ఆ తలుపు దానంతటదే మళ్లీ బయటి గాలికి తెరుచుకునేది.

ఇప్పటి ఇంజెక్షన్ కార్లకు ఆ ఏర్పాటు అంతగా అక్కర్లేదు. కానీ చాలా మోడళ్లలో థ్రాటిల్ బాడీ చుట్టూ వేడి కూలెంట్ తిరుగుతూనే ఉంటుంది. కారణం అదే.. ఐస్ కట్టకుండా చూడటం. పవర్ పెరుగుతుందని చెప్పి ఆ కూలెంట్ పైపును బైపాస్ చేసే మెకానిక్‌లు ఉన్నారు. మంచు ప్రాంతంలో ఉంటే ఆ పని అస్సలు చేయించొద్దు.

మరి ఏది ఎవరికి?

* కంపెనీ ఎయిర్ బాక్స్: రోజూ ఆఫీస్‌కి, పిల్లల స్కూల్‌కి తిరిగే కారుకు ఇదే బెస్ట్. మూత ఉంటుంది, ముక్కు ఎత్తులో ఉంటుంది. మంచి పేపర్ ఫిల్టర్ వేస్తే చాలు.

* మూత ఉన్న ఆఫ్టర్‌మార్కెట్ బాక్స్: మార్చి తీరాలనుకునేవాళ్లకు ఇది పర్వాలేదు. గాలి తీసుకునే చోటు కంపెనీ ముక్కు ఉన్న ఎత్తులోనే ఉండాలి. ఫిల్టర్ బయటికి కనిపించకూడదు.

* షార్ట్ రామ్: బానెట్ కిందే ఉంటుంది కాబట్టి నీళ్ల భయం తక్కువ. వేసవిలో వేడి గాలి లాగుతుందన్నదే దీని మీదున్న కంప్లైంట్. చలికాలంలో అది పెద్ద లోటు కాదు.

* పొడవాటి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్: మంచు రోడ్లకు పనికిరాదు. ఇప్పటికే బిగించి ఉంటే మంచు మొదలయ్యే ముందే పాత డబ్బా తిరిగి పెట్టించండి. అందుకే తీసిన పాత పార్టులను పారేయకూడదు.

* స్నార్కెల్: ఎస్‌యూవీల్లో అద్దం పక్కగా పైకి లేచే పైపు ఇది. నీళ్లలో బాగా పనిచేస్తుంది. మంచు కురుస్తున్నప్పుడు మాత్రం దాని మూతి ముందుకు ఉంటే మంచు కూరుకుపోతుంది. తిప్పే వీలుంటే మూతిని వెనక్కి తిప్పుకోవాలి.

కొనే ముందు ఇవి చూడండి

1. ఫిల్టర్ ఎక్కడ కూర్చుంటుంది? బంపర్ కింది అంచు కంటే ఎంత పైన ఉంది?
2. మీ మోడల్, మీ ఇంజిన్ కోసమే తయారైన కిట్టేనా? పైపు సైజు మారితే గాలిని కొలిచే సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది.
3. ఆయిల్ పూసే ఫిల్టర్ అయితే కొలత ప్రకారమే పూయాలి. ఎక్కువైతే ఆ నూనె సెన్సర్ మీదికి చేరుతుంది.
4. నీళ్లు తగిలితే గాలి దారి మార్చే బైపాస్ వాల్వ్ అమ్ముతారు. అది టర్బో కార్లకు సరిపడదు. ఫిల్టర్ మీద తొడిగే వాటర్‌ప్రూఫ్ తొడుగు చిమ్మే నీళ్లను ఆపుతుందే తప్ప, మునిగితే కాపాడదు.
5. వారంటీ సంగతి అడగండి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు పెట్టారన్న ఒక్క కారణంతో వారంటీ తీసేయడం కుదరదు. కానీ ఆ పార్టు వల్లే ఇంజిన్ పాడైందని తేలితే ఖర్చు మీదే. మన దేశంలో మామూలు ఇన్సూరెన్స్‌తో నీళ్లు చేరి పాడైన ఇంజిన్‌కు క్లెయిమ్ రావడం కష్టం. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ వేరేగా తీసుకోవాలి.

లద్దాఖ్ వెళ్తే ఏం మారుతుంది?

లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఖర్దుంగ్ లా అయితే 5,300 మీటర్ల పైనే. అక్కడ గాలి చల్లగా ఉంటుంది కానీ పలుచన. ఖర్దుంగ్ లా మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. అక్కడ బండి నీరసంగా ఎక్కితే తప్పు ఇన్‌టేక్‌ది కాదు, ఎత్తుది. కొత్త కిట్ పెట్టినా లేని గాలిని తీసుకురాలేదు. టర్బో ఇంజిన్లకు మాత్రం ఈ ఇబ్బంది కొంత తక్కువ. ఆ రోడ్లపై దుమ్ము ఎక్కువ కాబట్టి ఒక స్పేర్ ఫిల్టర్ వెంట ఉంచుకోవడం మంచిది.

లంబసింగి, అరకు, ఆదిలాబాద్ చలికి అయితే ఇదేదీ అవసరం లేదు. అక్కడ ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కు పడిపోయినా కంపెనీ ఇన్‌టేక్‌కు అదో లెక్క కాదు.

పొద్దున్నే స్టార్ట్ కాకపోతే?

చాలామంది ముందు ఎయిర్ ఫిల్టర్‌నే అనుమానిస్తారు. చలిలో మొదట చూడాల్సింది బ్యాటరీ. డీజిల్ అయితే ఇంధనం గడ్డకట్టిందేమో కూడా చూడాలి. అందుకే ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ తెచ్చింది.

మైలేజ్ పడిపోవడానికీ ఇన్‌టేక్ కారణం కాదు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీలతో పోలిస్తే మైనస్ 7 డిగ్రీల్లో సిటీ మైలేజ్ దాదాపు 15 శాతం తగ్గుతుంది. అమెరికాలోనే ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ 2009లో చేసిన పరీక్షల్లో ఇంకో సంగతి తేలింది. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజ్‌లో పెద్ద తేడా రాదు.. పికప్ మాత్రం తగ్గుతుంది.

మంచు మొదలయ్యే ముందు చేయాల్సింది ఇంతే

ఎయిర్ బాక్స్ మూత తీసి చూడండి. ఆకులు, ఎలుకల గూడు ఉంటే తీసేయండి. కింది రంధ్రం మూసుకుపోయిందేమో చూసి, క్లిప్పులన్నీ బిగించండి. చలికి గ్రిల్ ముందు అట్ట కట్టే అలవాటు ఉంటే ఇన్‌టేక్ ముక్కుకు అడ్డు రాకుండా చూడండి. మంచు తుపానులో చాలా దూరం నడిపాక ఫిల్టర్ తీసి దులపండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. నీళ్లలోనో, చిత్తడిలోనో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఆ ఒక్కసారి కీ తిప్పడమే రాడ్ వంగడానికి కారణం కావచ్చు. బండిని టోయింగ్ చేయించి, మెకానిక్ చేత నీళ్లు తీయించాకే స్టార్ట్ చేయించండి.