డిల్లెం బల్లెం: పెద్దగట్టు జాతర పుట్టుపూర్వోత్తరాలు

పెద్దగట్టు జాతర సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలం దురాజ్‌పల్లి దగ్గర రెండేళ్లకోసారి, మాఘమాసంలో జరుగుతుంది. సూర్యాపేట నుంచి కోదాడ వైపు రోడ్డు పట్టుకుంటే ఏడెనిమిది కిలోమీటర్లకే గట్టు కనిపిస్తుంది. పాతపేరు పాలశేర్లయ్య గట్టు. గొల్లల జాతర కనుక గొల్లగట్టు అని కూడా అంటారు. గట్టు మీద వెలసింది లింగమంతుల స్వామి, శివుడి రూపం. పక్కన ఆయన తోబుట్టువు చౌడమ్మ. అయిదు రోజుల్లో లక్షల మంది వచ్చిపోయే ఈ జాతరను తెలంగాణలో మేడారం తర్వాత చెప్పుకుంటారు. రెండూ రెండేళ్ల జాతరలే అయినా ఒకదానికొకటి అడ్డు రావు: మేడారం సరి సంవత్సరాల్లో, పెద్దగట్టు బేసి సంవత్సరాల్లో.

దేవుడు మొదట ఉన్నది ఈ గట్టు మీద కాదని కథ. కాస్త దూరంలో ఉండ్రుగొండ ఉంది. అడవి, కోట గోడలు, లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్న గుట్టల వరస. పూర్వం జాతర అక్కడే సాగేదట. నిండు చూలాలు ఒకామె నెత్తిన గంపతో గుట్ట ఎక్కుతూ కాలుజారి పడిపోయింది. ఆడవాళ్లకు ఎక్కరాని చోట ఉండనని దేవుడు పాలశేర్లయ్య గట్టుకు దిగివచ్చాడని చెబుతారు. ఇందులో చరిత్ర ఎంతో తేల్చడానికి శాసనాధారం వెతకడం కన్నా, కథ దేన్ని ముఖ్యమనుకుందో చూడటం మేలు. గంప ఎత్తుకొచ్చే మనిషికి అందేంత ఎత్తులోనే దేవుడుండాలి. ఇప్పటికీ జాతరకు ప్రాణం ఆ గంపే.

ఈ ప్రాంతం గొర్ల మందలకు అనువైన నేల. గుట్టలు, చిట్టడవి, వాన పడితే మొలిచే గడ్డి, ఎండాకాలం నీళ్ల కోసం మూసీ, కృష్ణ వైపు నడక. మేత ఉన్నచోట తగాదా కూడా ఉంటుంది. యాదవుల వీరగాథ కాటమరాజు కథకు మూలం పుల్లరి గొడవే: పదమూడో శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధితో మేత పన్ను దగ్గర మొదలై యుద్ధం దాకా పోయింది. ఆ కథను తరతరాలుగా పాడి నిలబెట్టినవాళ్లలో తెలంగాణలో మందహెచ్చులవాళ్లున్నారు. మంద వెంట తిరిగేవాడికి కాగితం మీద చరిత్ర ఉండదు. పాటలోనూ పెట్టెలోనూ మోసుకుపోయేదే ఉంటుంది.

పెద్దగట్టు జాతరలో ఆ పెట్టె నిజంగానే ఉంది. దాని పేరు దేవరపెట్టె. దేవతామూర్తులు అందులో ఉంటాయి. జాతరకు ముందు దిష్టిపూజ జరుగుతుంది. తర్వాత పెట్టె కేసారం ఊరికి చేరి, ఆదివారం రాత్రి అక్కడి నుంచి గట్టుకు ఊరేగింపుగా వస్తుంది. మకరతోరణం మాత్రం సూర్యాపేట నుంచి రావాలి. మెంతబోయిన, మున్న, గొర్ల వంశాలవాళ్లకు వేర్వేరు హక్కులు, వేర్వేరు పనులు. గుడి ఒక ఊరిది, పెట్టె ఇంకో ఊరిది, తోరణం పట్నానిది. ఏ ఒక్కరూ అలిగి ఇంట్లో కూర్చున్నా జాతర నిలబడదు. ఇన్నేళ్లుగా ఇంతమందిని ఒక్కచోటికి రప్పిస్తున్న అసలు కిటుకు ఈ పంపకంలోనే ఉంది. భక్తి ఎలాగూ ఉంటుంది. కానీ భక్తి ఒక్కటే అయితే ఎవరి ఊళ్లో వాళ్లు మొక్కుకోవచ్చు.

ఆదివారం రాత్రి సంగతి దగ్గరగా చూడాల్సిందే. కొత్త వెదురు గంపలో మొక్కు సామాన్లు సర్దుకుని, దాన్ని నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు నడుస్తుంటారు. ముందు మగవాళ్లు: మోకాళ్ల దాకా లాగులు, వాటికి గజ్జెలు, కొందరి చేతుల్లో కటార్లు. భేరి మోగుతుంది, తాళాలు అందుకుంటాయి. ఆ దరువును ఇక్కడివాళ్లు డిల్లెం బల్లెం అంటారు. వాద్యం పేరు, లయ పేరు, సంబరం పేరు అన్నీ ఆ మాటే. దరువు పతాకస్థాయికి వెళ్లినప్పుడల్లా ‘ఓ లింగా’ అని ఒక గుంపు అరుస్తుంది. వెనక వస్తున్న గుంపు అంతకన్నా గట్టిగా అందుకుంటుంది. ఒక ఊరి భేరి ఇంకో ఊరి భేరికి ఎదురైనచోట ఎవరూ తగ్గరు. గుడి చుట్టూ ప్రదక్షిణలు అయ్యేదాకా ఈ పంతం నడుస్తూనే ఉంటుంది. ఎవరు గెలిచారో చెప్పేవాడు ఉండడు, బహుమతీ ఉండదు. అయినా ఇది పోటీ కాదనడానికి లేదు.

ప్రపంచంలో పేరుమోసిన పాటల పోటీతో పోల్చి చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. యూరోవిజన్ 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి పదకొండేళ్లు. నిన్నటిదాకా బాంబులు వేసుకున్నవాళ్లు ఒకే రాత్రి ఒకే ప్రసారం చూశారు. 1957 నుంచి ఒక నియమం పెట్టారు: ఏ దేశం న్యాయనిర్ణేతలూ సొంత దేశం పాటకు మార్కులు వేయకూడదు. పోటీ మనదే, గెలిపించే చెయ్యి పక్కవాడిది. పక్కవాడు లేకుండా పండుగ లేదన్న ఈ ఏర్పాటు అక్కడ కాగితం మీద రాసుకున్నది. పెద్దగట్టు దగ్గర పెట్టె, తోరణం, గంపల మధ్య పంచుకున్నది. యూరోవిజన్‌లో మార్కుల దగ్గర ఇరుగుపొరుగు రాజకీయం దొర్లుతుందని ఏటా విమర్శ వస్తుంది. గట్టు దగ్గర మార్కులు లేవు కాబట్టి ఆ బెడదా లేదు.

సోమవారం బోనాలు. అన్నకు నైవేద్యం వేరు, చెల్లెకు వేరు. లింగమంతుల స్వామి మాంసం ముట్టడు, చౌడమ్మకు ఏటపోతులు, గొర్రెలు. ఒకే గట్టు మీద రెండు వంటలు. తిననివాడికీ తినేవాడికీ చెరో దేవుడు. మంగళవారం చంద్రపట్నం. బియ్యప్పిండి, పసుపు, కుంకుమ వంటి పొడులతో నేల మీద పట్నం వేస్తారు. దేవరపెట్టెను అక్కడికి చేర్చి, కథ పాడే బైకాన్లు స్వామి కథ చెబుతారు. ఆదివారం రాత్రి అందరి గొంతూ ఒక్కసారే లేస్తే, ఇక్కడ ఒక్కడు పాడుతుంటే మిగతావాళ్లు వింటారు. బుధవారం నెలవారం అనే తంతు, గురువారం మకరతోరణం తిరిగి సూర్యాపేటకు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఈ చుట్టుపక్కల రెండు రాజ్యాలుండేవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నిజాం ఏలుబడిలో ఉంటే, సూర్యాపేటకూ కోదాడకూ నడుమ ఉన్న మునగాల పరగణా మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా కింద ఉండేది. చుట్టూ నిజాం నేల, మధ్యలో ఇంగ్లీషువాళ్ల లంక. మునగాల గొల్లవాడు గట్టుకు రావాలంటే రాజ్యం దాటాలి. ఇటు హాలీ రూపాయి, అటు కల్దారు రూపాయి. యూరోవిజన్‌కు విమానం కావాలి కానీ, అప్పటి పెద్దగట్టుకు కాలినడకనే పరదేశం నుంచి రావచ్చు.

ఆ రోజుల్లో గొల్లలకు సంబరం ఎంత అపురూపమో వెట్టి చూస్తే తెలుస్తుంది. దొర ఇంట్లో విందైనా, అధికారి ఊళ్లో దిగినా మందలోంచి గొర్రెను ఊరికే ఇవ్వాల్సిందే. రెండేళ్లకోసారి తన గొర్రెను తన ఇష్టానికి తన దేవతకు ఇచ్చుకునే రోజు మామూలు పండుగ రోజుతో సమానం కాదు. ఆ వెట్టి మీద తిరగబడ్డ తెలంగాణ సాయుధ పోరాటానికి, సూర్యాపేట కూడా కలిసి ఉన్న అప్పటి నల్లగొండ జిల్లా గుండెకాయ. 1946 జులై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య గొర్లకాపరుల ఇంటి బిడ్డ. సుద్దాల హనుమంతు పోరాటం చెప్పడానికి ఎంచుకున్న కళారూపాల్లో గొల్లసుద్దులు ఒకటి. దేవుడి కథకు అలవాటైన వరస భూమి కథకు కూడా సరిపోయింది.

1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక నేల తీరు మారింది. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరిసాగుకు వచ్చాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరైంది. బీడు తగ్గితే మేత తగ్గుతుంది. మంద వదిలినవాళ్లు డ్రైవర్లయ్యారు, మిల్లుల్లో కుదిరారు, హైదరాబాద్ వెళ్లారు. అయినా గంప వదల్లేదు. ఇప్పుడు గంపలు ట్రాక్టర్ల మీద, డీసీఎం బండ్ల మీద గట్టు కింది దాకా వస్తాయి, అక్కడి నుంచి నెత్తి మీదికి ఎక్కుతాయి. భేరి పక్కన డీజే కూడా వచ్చింది. డీజే ముందు ఆడటానికి వేలమంది ఉంటారు, నిజమే. కానీ ఎదురు గుంపుకు బదులివ్వడం భేరికే తెలుసు.

ఈ చుట్టుపక్కల మనుషుల్ని ఇలా కలిపే చోట్లు మరో రెండున్నాయి. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సు జనవరిలో వస్తుంది. గంధం ఊరేగింపులో ముస్లింలతో సమానంగా హిందువులు కనిపిస్తారు, కందూరు విందులు చేస్తారు. మేళ్లచెర్వు శంభులింగేశ్వరుడి శివరాత్రి జాతరలో ఎడ్లు బండ లాగుతాయి. అక్కడ గెలుపోటములు కొలతల్లో తేలతాయి.

పెద్దగట్టు జాతర 2023లో ఫిబ్రవరి 5న, 2025లో ఫిబ్రవరి 16న ఆదివారంతోనే మొదలైంది. జాతర రోజుల్లో హైదరాబాద్–విజయవాడ బండ్లను గట్టు ముందునుంచి పోనివ్వరు. నార్కట్‌పల్లి దగ్గర తిప్పి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపుతారు. గంపలు దిగేదాకా 65వ నంబరు జాతీయ రహదారి లింగమంతుల స్వామిది.