కప్పుకు లొంగని మాకరోనీ

1896లో బోస్టన్‌లో వెలువడిన ఒక వంట పుస్తకం, ఉడికించే మాకరోనీకి ముప్పావు కప్పు కొలత చెప్పింది. అయితే ముందుగా అంగుళం ముక్కలుగా విరుచుకోవాలట. విరవకపోతే ఆ పొడుగాటి గొట్టాలు కప్పులో ఎక్కడ ఇముడుతాయి! పుస్తకం పేరు 'ది బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్ బుక్', రాసింది ఫానీ ఫార్మర్.

అంతకు ముందు అమెరికా వంటల్లో కోడిగుడ్డంత వెన్న, టీకప్పుడు పిండి లాంటి లెక్కలే ఎక్కువ. ఎవరింటి టీకప్పు అని అడిగితే జవాబు లేదు. ఫార్మర్ అరపింటు కప్పునే నమ్ముకుంది. దాన్ని నింపి, పైన కత్తితో చదునుగా గీసెయ్యమంది. ధాన్యం కొలిచిన తెలుగు రైతుకు ఈ పేచీ కొత్తది కాదు. మానిక మీద గోపురం నిలిచేలా పోస్తే కొన్నవాడికి లాభం, అంచు వెంట గీస్తే అమ్మినవాడికి.

ఫార్మర్ కన్నా అయిదేళ్ల ముందు, 1891లో, ఫ్లోరెన్స్‌లో పెల్లెగ్రీనో అర్తూసి తన వంటల పుస్తకం అచ్చు వేయించాడు. అందులో మాకరోనీ గ్రాముల్లో ఉంటుంది. 1861లో ఒక్క రాజ్యమైన ఇటలీ ఆ ఏడాదే మెట్రిక్ కొలతలకు చట్టం చేసుకుంది మరి. అమెరికా కాంగ్రెస్ 1866లో మెట్రిక్‌ను చెల్లుతుందని మాత్రం ఒప్పుకుంది, వాడి తీరాలని అనలేదు. అక్కడి వంటింట్లో తక్కెడకు పెద్దగా చోటు దొరకలేదు, కప్పే ఏలింది. తమాషా ఏమిటంటే, అర్తూసి పుస్తకానికీ ఫార్మర్ పుస్తకానికీ మొదటి ముద్రణ ఖర్చు రాసినవాళ్లే పెట్టుకున్నారు. ప్రచురణకర్తలకు రెండింటి మీదా నమ్మకం కుదరలేదు. ఆ రెండూ ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి.

పిండికీ చక్కెరకీ కప్పు ఎలాగో సరిపోతుంది. ఎండు పాస్తా దగ్గరే తంటా. అందులో సగానికి పైగా గాలే: గొట్టం లోపలి గాలి, ముక్కకూ ముక్కకూ మధ్య గాలి. వంకర తిరిగిన చిన్న ఎల్బో మాకరోనీ కప్పుకు 110 నుంచి 120 గ్రాములు తూగుతుంది. సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఫర్ఫాలే అదే కప్పులో 80 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. కప్పును బల్ల మీద నాలుగుసార్లు తట్టి చూడండి, ముక్కలు సర్దుకుని ఇంకో గుప్పెడు పడుతుంది. స్పఘెట్టీ సంగతి చెప్పనక్కర్లేదు. దాని కోసం వేర్వేరు సైజుల చిల్లులున్న చెక్కబద్దలు అమ్ముతారు, చిల్లులో పట్టిన కట్ట ఒకరికో ఇద్దరికో సరిపోతుందని లెక్క. అమెరికా పాకెట్ల మీద ఒకరి వంతు రెండు ఔన్సులు, అంటే 56 గ్రాములు. ఇటలీ వాళ్ల లెక్కలో అది 80. 56 గ్రాములే వడ్డిస్తే నేపుల్స్‌లో అతిథి అలిగి పోయినా ఆశ్చర్యం లేదు.

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఇంకో కప్పు కూడా ఉంటుంది, రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు. అది అక్కడి కప్పు కాదు, జపాన్‌లో బియ్యం కొలిచే 'గో' అనే పాత కొలత, 180 మిల్లీలీటర్లు. 1955లో తోషిబా ఆటోమేటిక్ కుక్కర్‌ను బజారుకు తెచ్చింది. ఆ వరసలో వచ్చిన కుక్కర్లతో పాటు ఈ కొలత కూడా దేశాలు దాటింది. అమెరికా కప్పు 237 మిల్లీలీటర్లు కాబట్టి కుక్కర్ కప్పు దానిలో ముప్పావు, అంటే మాకరోనీకి ఫార్మర్ చెప్పిన కొలతే. అందులో ఎల్బో మాకరోనీ చదునుగా నింపితే 85 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. ఇటలీ లెక్కన ఒకరికి సరిపోను, పైన కాస్త కొసరు.