ఆరుగురు అటు, ఆరుగురు ఇటు

1973 ఏప్రిల్ 24. ఢిల్లీలో ఎండలు ముదురుతున్నాయి. మీరు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోర్టు హాల్లో, బెంచి మీద కూర్చుని ఉన్నారు. తల తిప్పి అటూ ఇటూ చూడండి. మీతో కలిపి 13 మంది న్యాయమూర్తులు. ఈ దేశంలో ఇంత పెద్ద ధర్మాసనం ఇంతకుముందు కూర్చోలేదు. ఎదురుగా నల్లకోట్లు. అందరి చూపూ మీ వరస మీదే.

ఈ రోజు మీరు జస్టిస్ హన్స్‌రాజ్ ఖన్నా. పుట్టింది అమృత్‌సర్‌లో. ఈ కోర్టుకు వచ్చి ఇంకా రెండేళ్లు నిండలేదు. ప్రధాన న్యాయమూర్తి సిక్రీ రేపు రిటైరవుతున్నారు. తేలాల్సింది ఇవాళే తేలాలి.

68 రోజులు వాదనలు విన్నారు. కేసు పెట్టింది కేరళలో కాసరగోడు దగ్గరి ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి. భూసంస్కరణల చట్టం కింద మఠం భూములు పోతున్నాయని కోర్టుకెక్కారు. కానీ ఈ హాల్లో ఇప్పుడు భూముల ఊసే లేదు. ప్రశ్న ఎప్పుడో పెరిగి పెద్దదయింది. తగినంత మెజారిటీ చేతిలో ఉంటే పార్లమెంటు రాజ్యాంగంలో దేన్నయినా మార్చేయవచ్చా?

లెక్క వేసుకోండి. హద్దులున్నాయి, ప్రాథమిక హక్కుల జోలికి అంత తేలిగ్గా పోకూడదు అంటున్నవారు ఆరుగురు. హైదరాబాద్ నుంచి వచ్చిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి అందులో ఒకరు. హద్దే లేదు అంటున్నవారు ఆరుగురు. మిగిలింది మీరు.

సంగతి ఇక్కడి దాకా ఎందుకొచ్చింది? ఆరేళ్లు వెనక్కి వెళ్లండి. రాజమండ్రిలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు 1967లో గోలక్‌నాథ్ కేసులో తేల్చిచెప్పారు, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని. అది 6–5 తీర్పు. ఆ తర్వాత బ్యాంకుల జాతీయకరణ, రాజభరణాల రద్దు కూడా కోర్టులో దెబ్బతిన్నాయి. ఇందిరాగాంధీ జనం దగ్గరికి వెళ్లారు. ‘గరీబీ హటావో’ అన్నారు. 1971లో లోక్‌సభలో 352 సీట్లు తెచ్చుకున్నారు. ఆ బలంతో రాజ్యాంగాన్ని సవరించారు. ఏ భాగాన్నయినా మార్చే హక్కు మాకుంది అని అందులోనే రాసుకున్నారు.

ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగండి. ఆ 352 మందిని పంపిందెవరు? జనం. దున్నేవాడికి భూమి ఇస్తామంటున్నారు, తప్పేముంది? మరి మిమ్మల్ని ఎవరు ఎన్నుకున్నారు? ఎవరూ ఎన్నుకోలేదు. ఆస్తి హక్కు మీ దృష్టిలోనూ తాకరానిదేమీ కాదు. ప్రాథమిక హక్కులనైనా సవరించవచ్చనే మీ అభిప్రాయం. ఇక్కడి దాకా మీరు ప్రభుత్వం వైపే నడిచారు. ఇంకొక్క అడుగు వేస్తే చాలు, అటువైపు ఏడుగురవుతారు.

ఆ అడుగు దగ్గరే ఒక ప్రశ్న అడ్డం పడుతుంది. 1965లో డీటర్ కాన్రాడ్ అనే జర్మన్ పండితుడు కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వచ్చి అడిగిన ప్రశ్న అది. సవరణ పేరుతో బతికే హక్కును తీసేయవచ్చా? మొఘల్ చక్రవర్తి పాలనను తిరిగి తేవచ్చా? విన్నవాళ్లకు విడ్డూరంగా ఉండొచ్చు. జర్మన్లకు కాదు. 1933 మార్చిలో వాళ్ల పార్లమెంటు చట్టాలు చేసే అధికారాన్ని హిట్లర్ ప్రభుత్వానికి అప్పగించింది. కొందరు సభ్యులను లోపలికే రానివ్వలేదు. ఉన్నవారిలో 444 మంది సరే అన్నారు, 94 మంది వద్దన్నారు. మూడింట రెండొంతులు దాటింది. పైకి అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ఆ తర్వాత హిట్లర్‌ను దించడానికి ఓటనేదే మిగల్లేదు.

కొమ్మ మీద కూర్చున్నవాడు ఎన్ని కాయలైనా కోసుకోవచ్చు. కూర్చున్న కొమ్మనే నరకడం కాయలు కోయడం కిందికి వస్తుందా?

తేల్చండి. హాలు ఎదురుచూస్తోంది.

మీరు మధ్యదారి పట్టారు. సవరించుకోండి, హక్కులతో సహా సవరించుకోండి. కానీ సవరించాక కూడా అది ఆ రాజ్యాంగమే అయి ఉండాలి, దాని మౌలిక స్వరూపం చెడకూడదు. కాన్రాడ్ మాటలను కూడా తీర్పులో చేర్చారు. లెక్క తేలింది. 7–6.

పార్లమెంటు మెజారిటీకి హద్దు గీసింది ఒక్క ఓటు మెజారిటీ. ఎదుటివాళ్లు ఈ మాట అంటూనే ఉంటారు. మీ దగ్గర దానికి సులువైన జవాబు లేదు.

జవాబు అటునుంచి వెంటనే వస్తుంది. కొత్త ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే. హద్దు లేదన్న ఆరుగురిలో ఒకరు. ఆయన కంటే సీనియర్లు ముగ్గురున్నారు. షెలాట్, హెగ్డే, గ్రోవర్. ముగ్గురూ మీ ఏడుగురిలో వాళ్లే. ముగ్గురినీ పక్కనపెట్టారు. ముగ్గురూ రాజీనామా చేశారు. తీర్పు ఎటు రాస్తే పదవి ఎటు పోతుందో మీకిప్పుడు తెలుసు.

1975 జూన్ 12. రాయబరేలీలో ఇందిర ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు అంటుంది. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ. ఢిల్లీలో పత్రికాఫీసులకు కరెంటు తీసేశారు. ప్రతిపక్ష నాయకులు తెల్లారేసరికి జైళ్లలో ఉన్నారు. ప్రధాని ఎన్నిక కేసు మీ కోర్టుకు వచ్చింది. విచారణ తేదీ ఆగస్టు 11.

ఇక రోజులు లెక్కపెట్టండి.

ఆగస్టు 7. లోక్‌సభలో 39వ సవరణ బిల్లు. ప్రధాని ఎన్నికను ఏ కోర్టూ ప్రశ్నించకూడదు. ఇప్పటికే ఇచ్చిన తీర్పు కూడా చెల్లదు. అదే రోజు ఆమోదం.

ఆగస్టు 8. రాజ్యసభ. ఆమోదం.

ఆగస్టు 9. శనివారం. రాష్ట్రాల శాసనసభలను హడావిడిగా పిలిచారు. ఆమోదం.

ఆగస్టు 10. ఆదివారం. రాష్ట్రపతి సంతకం.

ఆగస్టు 11. మీరు కోర్టుకు వచ్చారు. విచారించడానికి కేసు ఉందా, పోయిందా?

ఓట్లన్నీ సరిపోయాయి. కావాల్సిన మెజారిటీ ఉంది. లేనిదల్లా ఎదురుగా లేచి నిలబడి వద్దనగలిగిన మనిషి. అలాంటివాళ్లు చాలామంది జైల్లో ఉన్నారు. రెండేళ్ల కిందట మొఘల్ చక్రవర్తి మాట ఊహే. ఇప్పుడు కాదు. ఒక మనిషి కోసం రాజ్యాంగం నాలుగు రోజుల్లో మారిపోయింది.

నవంబర్ 7. తీర్పు. ఎన్నికల చట్టాన్నీ ఆ మధ్యే వెనక తేదీల నుంచి వర్తించేలా మార్చారు కాబట్టి ప్రధాని ఎన్నిక నిలబడుతుంది. కోర్టుల నోరు కట్టేసిన ఆ నిబంధన మాత్రం నిలబడదు. న్యాయమైన ఎన్నికలు లేకపోతే ప్రజాస్వామ్యం లేదు, అది మౌలిక స్వరూపంలో భాగం అని మీరు రాశారు. ఏప్రిల్ 24 నాటి గీత మొదటిసారి పనిచేసింది.

ఊపిరి పీల్చుకోకండి. మూడు రోజులే గడువు.

నవంబర్ 10. మళ్లీ 13 మంది. రే పిలిచారు. కేశవానంద తీర్పును తిరగదోడాలట. అడిగిందెవరు? పునస్సమీక్ష కోరుతూ పిటిషన్ ఏదీ? కనిపించదు. వరస చూడండి. ఆ రోజు గీత గీసిన ఏడుగురిలో ఇప్పుడు బెంచి మీద మిగిలింది మీరొక్కరే. ఒకరు పోయారు. ఇద్దరు రిటైరయ్యారు. ముగ్గురు వెళ్లిపోయారు. హద్దు లేదన్నవాళ్లలో నలుగురు ఇక్కడే ఉన్నారు. ఈ గీత చెరిగితే ఆగస్టు లాంటి వారం ఎప్పుడైనా రావచ్చు. ఆపేవాడుండడు.

అప్పట్లో కేశవానంద తరఫున వాదించిన నానీ పాల్కీవాలా లేచారు. రెండు రోజులు మాట్లాడారు. హాలంతా విన్నది. నవంబర్ 12న రే చెప్పారు: ధర్మాసనం రద్దు. అంతే. గీత మిగిలింది.

డిసెంబర్. ఈసారి అయిదుగురే. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద పట్టుకుపోయిన మనుషుల కేసు. ఎందుకు పట్టుకున్నారో కోర్టు అడగవచ్చని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. అడగకూడదని ప్రభుత్వం అంటోంది. మీరు అటార్నీ జనరల్ నీరేన్ డేని అడిగారు: స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే రాజ్యాంగ అధికరణలో స్వేచ్ఛే కాదు, ప్రాణం మాట కూడా ఉంది. ఒక పోలీసు సొంత కక్షతో మనిషిని చంపేస్తే? అప్పుడూ కోర్టుకు రాకూడదా?

ఎమర్జెన్సీ ఉన్నంతకాలం రాకూడదు. అదీ జవాబు.

మీ పక్కనున్నవాళ్లను చూడండి. రే. బేగ్. చంద్రచూడ్. భగవతి. ఎవరూ మీ వైపు లేరు. రే 1977 జనవరిలో దిగుతారు. ఆ తర్వాత సీనియర్ మీరే. ఆ కుర్చీ మీదే. ఒక్క సంతకం చాలు. నలుగురితో పాటు అయిదో సంతకం. ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

కలం మీ చేతిలో ఉంది. మీరైతే ఏం చేస్తారు?

ఖన్నా ఏం చేశారంటే, ఈ తీర్పుతో ప్రధాన న్యాయమూర్తి పదవి పోతుందని సోదరికి ముందే చెప్పి మరీ రాశారు. 1976 ఏప్రిల్ 28. నలుగురు ఒకటి అన్నారు. ఆయన ఒక్కరూ ఇంకొకటి అన్నారు. 4–1. జైల్లో ఉన్నవాళ్లకు తలుపు మూసుకుంది. పార్లమెంటుకు హద్దు ఉందని చెప్పిన కోర్టులోనే, మెజారిటీ తప్పుదారి పట్టింది.

1977 జనవరి. ప్రధాన న్యాయమూర్తి పదవి బేగ్‌కు ఇచ్చారు. ఖన్నా రాజీనామా చేశారు. అప్పటికి 42వ సవరణ కూడా వచ్చేసింది. రాజ్యాంగ సవరణను ఏ కోర్టూ ప్రశ్నించకూడదని అందులో రాశారు. లోక్‌సభ గడువు అయిదేళ్లది ఆరేళ్లయింది.

ఇక ఆ కుర్చీలోంచి లేవండి. ఇప్పుడు మీరు ఓటరు. 1977 మార్చి, పోలింగ్ బూత్ ముందు వరసలో నిలబడి ఉన్నారు. దేశం కాంగ్రెస్‌ను ఓడించింది, రాయబరేలీలో ఇందిర స్వయంగా ఓడిపోయారు. మరి అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్? 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వేసింది. తప్పిపోయింది నంద్యాల ఒక్కటే, అక్కడ నీలం సంజీవరెడ్డి జనతా తరఫున గెలిచారు. అంటే హైదరాబాద్‌లో వరసలో నిలబడి కాంగ్రెస్‌కు ఓటేసిన మీరు రాష్ట్రంలో మెజారిటీ, దేశంలో మైనారిటీ. ఒకే ఓటు, ఒకే రోజు. జనం తీర్పు అంటే ఏ గడప దగ్గర నిలబడి లెక్కపెట్టారన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఓడినవాళ్లకు రేపు మళ్లీ గెలిచే దారి ఉండాలన్నది అందుకే. 1977లో ఓడిన ఇందిర 1980లో గెలిచి తిరిగొచ్చారు. ఆ దారి ఆమెకూ అక్కరకొచ్చింది.

హద్దు గీసినందుకు పేదల చట్టాలు ఆగిపోయాయా? లేదు. భూసంస్కరణలకు కోర్టు అడ్డం పడలేదు. ఆస్తి హక్కును 1978లో 44వ సవరణ ప్రాథమిక హక్కుల్లోంచే తీసేసింది, గీత దానికీ అడ్డం రాలేదు. ఎమర్జెన్సీలో సైతం ప్రాణానికీ స్వేచ్ఛకూ ఉన్న రక్షణను ఆపకూడదని అదే సవరణ రాసింది. ఖన్నా ఒంటరిగా రాసిన మాట అప్పుడు పార్లమెంటు మాటయింది. 1980లో మినర్వా మిల్స్ కేసులో, సవరణలను ప్రశ్నించకూడదన్న నిబంధనను కోర్టు కొట్టేసింది. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఆ 4–1 తీర్పును చెల్లదన్నారు. అది తప్పని రాసినవారిలో అప్పటి చంద్రచూడ్ కొడుకు డి.వై. చంద్రచూడ్ ఉన్నారు.

‘జనం మాకు ఓటేశారు, అడగడానికి మీరెవరు’ అనే మాట ఏ పార్టీ నుంచైనా ఎప్పుడైనా మీ చెవిన పడుతుంది. అది మీరు ఓటేసిన పార్టీయే కావచ్చు. అప్పుడు రెండే రెండు చూడండి. వచ్చే ఎన్నికల్లో వీళ్లను దించే దారి తెరిచే ఉందా? ఇవాళ పట్టుకుపోయిన మనిషి తరఫున ‘ఎందుకు’ అని అడగగల చోటు ఒకటి మిగిలిందా? రెండూ ఉంటే మెజారిటీని పాలించనివ్వండి, మీకు నచ్చకపోయినా సరే. ఏ ఒక్కటి లేకపోయినా, ఎన్ని చేతులు పైకి లేచినా మీరు సరే అనకండి.